పాస్‌పోర్టులు రెండు... జెర్సీ ఒక్కటే!

"అమ్మంటే ఇష్టమా, నాన్నంటే ఇష్టమా?" ఇంటికొచ్చిన చుట్టాలు చిన్నపిల్లల్ని సరదాకి అడిగే ప్రశ్న ఇది. గడుసు పిల్లలైతే "ఇద్దరూ" అనేసి తుర్రుమంటారు. మెత్తటి పిల్లలు అమ్మ ముఖంకేసీ నాన్న ముఖంకేసీ మార్చి మార్చి చూసి చివరికి ఏడుపు లంకించుకుంటారు. ఆడపిల్లలకైతే ఈ ప్రశ్న అక్కడితో ఆగదు. పెళ్ళయ్యాక వేషం మార్చుకుని మళ్ళీ వస్తుంది – "నువ్వు పుట్టింటివాళ్ళ పక్షమా, అత్తింటివాళ్ళ పక్షమా?" అని. నాకు పెళ్ళయి ఇరవయ్యెనిమిదేళ్ళు. ఇప్పటికీ నవ్వి ఊరుకోవడం తప్ప వేరే జవాబు దొరకలేదు. మీకు దొరికిందా?

ఈ ప్రశ్నే నాకు మళ్ళీ ఎక్కడ ఎదురైందో చెబితే నవ్వుతారు. ఫుట్‌బాల్ మైదానంలో! మా ఇంట్లో ఇద్దరూ మగపిల్లలే. పెద్ద పోటీలేవైనా వచ్చాయంటే టీవీ వాళ్ళ సొత్తు. వాళ్ళకి మిరపకాయ బజ్జీలు అందిస్తూ నేనూ ఓ పక్కన కూలబడేదాన్ని. వాళ్ళు బంతిని చూస్తుంటే నేను గ్యాలరీలో కూచున్న తల్లుల్ని చూసేదాన్ని. అలా చూస్తూ చూస్తూ ఆటకంటే ఆ తల్లుల కథలే నన్ను ఎక్కువ పట్టుకున్నాయి.

సగం సగం చొక్కా

2016 జూన్ 11. ఫ్రాన్సులోని లాన్స్ పట్టణంలో యూరో కప్పు మ్యాచ్. ఒకవైపు స్విట్జర్లాండ్, రెండోవైపు అల్బేనియా. స్విట్జర్లాండ్ జట్టులో గ్రానిట్ జాకా, అల్బేనియా జట్టులో తౌలంత్ జాకా. ఇద్దరూ సొంత అన్నదమ్ములు. తౌలంత్ పెద్దవాడు, గ్రానిట్ చిన్నవాడు. ఒకే తల్లి చేతి ముద్ద తిని స్విట్జర్లాండ్‌లోని బాసెల్ నగరంలో పెరిగినవాళ్ళు.

గ్యాలరీలో వాళ్ళమ్మ ఎల్మాజే కూచుని ఉంది. ఆవిడ చొక్కా చూడాలి! సగం స్విట్జర్లాండ్ జెండా, సగం అల్బేనియా జెండా. రెండూ ఎర్ర జెండాలే. ఒక సగంలో తెల్ల శిలువ, ఇంకో సగంలో రెండు తలల నల్ల గద్ద. ఒక కొడుకు ఓడితేనే రెండో కొడుకు గెలిచే ఆట అది. ఆ పూట 1-0తో చిన్నవాడి జట్టు గెలిచింది. ఆ తల్లి సంతోషించాలా, బాధపడాలా? దర్జీ కత్తెరతో రెండు జెండాల్నీ కలిపి కుట్టించుకోవచ్చుగానీ మనసుని అలా కత్తిరించి పంచలేం కదా!

ఆ కుటుంబం కొసావో నుంచి వచ్చిన అల్బేనియన్లు. గ్రానిట్ తండ్రి యుగోస్లావియా రోజుల్లో ప్రభుత్వాన్ని వ్యతిరేకించి ఊరేగింపులో పాల్గొన్నందుకు మూడేళ్ళకి పైగా జైల్లో ఉన్నాడు. బయటికొచ్చాక భార్యతో కలిసి స్విట్జర్లాండ్ చేరాడు. పిల్లలిద్దరూ అక్కడే పుట్టారు. అన్నం పెట్టిన దేశం ఒకటి, అమ్మానాన్నల భాష మాట్లాడే దేశం ఒకటి. ఒకడు ఇటు, ఒకడు అటు వెళ్ళారు. ఎవరిది తప్పు? ఎవరిదీ కాదు.

అమ్మమ్మ ఊరూ లెక్కే

అసలు ఎవరు ఏ దేశానికి ఆడాలో ఎవరు నిర్ణయిస్తారు? మావాళ్ళని అడిగితే "అమ్మా, అది పెద్ద కథ" అన్నారు. పెద్ద కథలంటే మనకి భయమా? కూచోబెట్టి చెప్పించుకున్నాను, ఆ తర్వాత నేనూ వెతికి చదువుకున్నాను.

ప్రపంచ ఫుట్‌బాల్ సంస్థ ఫిఫా నియమం ఇదీ. ముందు ఆ దేశపు పౌరసత్వం ఉండాలి. కొత్తగా పౌరసత్వం పుచ్చుకున్నవాళ్ళయితే ఆ దేశంతో తమకి నిజమైన బంధుత్వం ఉందని చూపించాలి. తాను అక్కడ పుట్టి ఉండాలి. లేదా అమ్మో నాన్నో అక్కడ పుట్టి ఉండాలి. లేదా తాతయ్యలు, నాయనమ్మ, అమ్మమ్మల్లో ఎవరో ఒకరు అక్కడ పుట్టి ఉండాలి. ఇవేవీ లేకపోతే కొన్నేళ్ళు అక్కడ కాపురం ఉండాలి – పదేళ్ళ వయసులోపు వచ్చిన పిల్లలకి మూడేళ్ళు, ఆ తర్వాత వచ్చినవాళ్ళకి అయిదేళ్ళు.

ఇది చదివినప్పుడు నాకు ఒక్క విషయం భలే నచ్చింది. మన ఇళ్ళల్లో గోత్రం నాన్నదే, ఇంటిపేరూ నాన్నదే. ఫిఫా పుస్తకంలో మాత్రం అమ్మ పుట్టిన ఊరికీ నాన్న పుట్టిన ఊరికీ ఒకటే మార్కు. అమ్మమ్మ ఊరూ నాయనమ్మ ఊరూ సమానమే!

దేశాల చట్టాలు ఇంత ఉదారంగా లేవు సుమండీ. మన దేశంలోనే 1992 డిసెంబర్ 10కి ముందు విదేశంలో పుట్టిన బిడ్డకి తండ్రి భారతీయుడైతేనే వంశపారంపర్యంగా మన పౌరసత్వం వచ్చేది. తల్లి భారతీయురాలైతే చాలదు! తొమ్మిది నెలలు మోసింది ఆవిడే అయినా కాగితం మీద ఆవిడకి విలువ లేదన్నమాట. 1992లో చట్టం సవరించాకే 'తల్లి గానీ తండ్రి గానీ' అనే మాట వచ్చింది. జర్మనీలో కూడా అంతే. విదేశీయుణ్ణి పెళ్ళాడిన జర్మన్ స్త్రీ పిల్లలకి 1975 నుంచే తల్లి పౌరసత్వం తండ్రితో సమానంగా దక్కడం మొదలైంది. అక్కడ పుట్టిన బోటెంగ్ సోదరులు 2010 ప్రపంచ కప్పులో ఎదురెదురుగా నిలబడ్డారు. తండ్రి ఒక్కడే, ఘనా దేశస్థుడు. తల్లులు వేరు, ఇద్దరూ జర్మన్లే. జెరోమ్ జర్మనీకి ఆడితే, కెవిన్ ప్రిన్స్ ఘనాకి ఆడాడు. ప్రపంచ కప్పు చరిత్రలో అన్నదమ్ములు ప్రత్యర్థులుగా తలపడటం అదే మొదటిసారి. అంతకుముందు కెవిన్ ప్రిన్స్ జర్మనీ యువ జట్లలో ఆడినవాడే. ఇరవై ఒకటో ఏడు దాటితే జట్టు మారకూడదన్న పాత నియమాన్ని ఫిఫా 2009లో తీసేయబట్టి అతనికి ఆ దారి తెరుచుకుంది.

పదమూడు నిమిషాల ఖరీదు

పాస్‌పోర్టులు రెండుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. జెర్సీ మాత్రం ఒక్కటే తొడుక్కోవాలి. అదీ ఒకసారి తొడిగితే విప్పడం అంత తేలిక కాదు.

మునీర్ ఎల్ హద్దాది కథ వినండి. స్పెయిన్‌లో పుట్టిన కుర్రాడు, మూలాలు మొరాకోవి. 2014 సెప్టెంబర్‌లో పందొమ్మిదేళ్ళ వయసులో స్పెయిన్ పెద్ద జట్టుకి పిలుపొచ్చింది. మాసిడోనియాతో యూరో కప్పు అర్హత మ్యాచ్‌లో చివర్లో దిగి పదమూడు నిమిషాలు ఆడాడు. అంతే! ఆ తర్వాత స్పెయిన్ పెద్ద జట్టు అతన్ని మళ్ళీ ఆడించలేదు. పోనీ మొరాకోకి ఆడదామంటే కుదరదన్నారు. స్నేహపూర్వక మ్యాచ్ అయితే ఫరవాలేదు గానీ, అధికారిక పోటీలో పెద్ద జట్టుకి ఒక్క నిమిషం ఆడినా జీవితాంతం ఆ దేశానికే కట్టుబడాలన్నది అప్పటి నియమం. 2018 ప్రపంచ కప్పుకి మొరాకో అర్హత సాధించినప్పుడు అతను క్రీడా న్యాయస్థానం దాకా వెళ్ళాడు. ఓడిపోయాడు. మనవాళ్ళు మూడు ముళ్ళ బంధం అంటారే, ఇది మూడు ముళ్ళు కాదు, పదమూడు నిమిషాల బంధం!

చివరికి 2020 సెప్టెంబర్‌లో ఫిఫా నియమం సడలించింది. పెద్ద జట్టుకి మూడు మ్యాచ్‌లకి మించి ఆడకుండా, అవీ ఇరవై ఒకటో ఏడు నిండకముందే ఆడి, చివరి మ్యాచ్ జరిగి మూడేళ్ళు గడిచిపోయి, ప్రపంచ కప్పు వంటి పెద్ద పోటీల ప్రధాన ఘట్టంలో ఆడి ఉండకపోతే మారవచ్చు. అప్పటికే రెండో దేశపు పౌరసత్వం ఉండి ఉండాలన్న షరతూ ఉంది. మునీర్ 2021లో మొరాకో జెర్సీ తొడిగాడు. అప్పటికి అతనికి పాతికేళ్ళు. పదమూడు నిమిషాలకి ఆరున్నరేళ్ళు చెల్లించాడన్నమాట.

ఇంత కఠినం ఎందుకూ అని మీరు అడగొచ్చు. నేనూ అడిగాను. కారణం లేకపోలేదు. పూర్వం గొప్ప ఆటగాళ్ళు చొక్కాలు మార్చినంత సులువుగా దేశాలు మార్చేవారు. అల్ఫ్రెడో డి స్తెఫానో అర్జెంటీనాకీ, స్పెయిన్‌కీ కూడా ఆడాడు. పుస్కాష్ హంగేరీకి ఆడి, తర్వాత స్పెయిన్ తరపున 1962 ప్రపంచ కప్పులో దిగాడు. 2004లో ఖతార్ డబ్బిచ్చి బ్రెజిల్ ఆటగాళ్ళని తమ జట్టులోకి లాక్కోబోయింది. అప్పుడే ఫిఫా మేలుకుని, ఆ దేశంతో 'స్పష్టమైన సంబంధం' ఉంటే తప్ప కుదరదని తేల్చింది. నిజమే కదా! బేరం పెట్టి కొనుక్కుంటే అది దేశం జట్టు ఎలా అవుతుంది? నియమం ఉండాల్సిందే. కానీ బేరానికి వచ్చినవాణ్ణీ, బాధతో వచ్చినవాణ్ణీ ఒకే గాటన కట్టకూడదన్నదే నా మాట.

ఎడారి దాటిన తల్లి

విలియమ్స్ అన్నదమ్ముల కథ చదివాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వాళ్ళ అమ్మానాన్నలు బతుకుతెరువు వెతుక్కుంటూ ఘనా నుంచి బయల్దేరి సహారా ఎడారిలో కొంత దూరం కాళ్ళకి చెప్పుల్లేకుండా నడిచారు. ఆ వేడికి తండ్రి అరికాళ్ళు కాలిపోయాయి. అప్పటికి తల్లి కడుపుతో ఉంది. ఆ కడుపులో ఉన్నవాడే ఇన్యాకి. స్పెయిన్‌లో వాళ్ళని ఆదుకున్న ఓ చర్చి ఫాదరు పేరే పిల్లాడికి పెట్టుకున్నారు. రెండోవాడు నికో 2002లో పుట్టాడు.

పెద్దవాడు స్పెయిన్‌కి 2016లో ఒక్క స్నేహపూర్వక మ్యాచ్ ఆడాడు. తర్వాత ఘనాలో ఉన్న తొంభయ్యేళ్ళ తాతయ్యని కలిసొచ్చి 2022లో ఘనాకి ఆడతానన్నాడు. చిన్నవాడు స్పెయిన్‌నే ఎంచుకున్నాడు. ఆ ఏడు ప్రపంచ కప్పులో అన్న ఒక దేశానికి, తమ్ముడు ఒక దేశానికి ఆడారు. 2024 జూలైలో యూరో కప్పు ఫైనల్లో ఇంగ్లండ్ మీద మొదటి గోలు కొట్టింది నికోయే. ఇద్దరిలో ఎవరు విశ్వాసపాత్రుడు, ఎవరు కాదు? ఒకడు తాతయ్య ఆశ తీర్చాడు, ఇంకొకడు పుట్టిన గడ్డ రుణం తీర్చాడు.

అష్రఫ్ హకీమీదీ ఇలాంటి కథే. మాడ్రిడ్‌లో పుట్టాడు. తల్లి ఇళ్ళల్లో పాచిపని చేసింది, తండ్రి వీధుల్లో సరుకులమ్మాడు. స్పెయిన్ జట్టు శిక్షణకీ వెళ్ళి చూశాడు, కానీ అది తన ఇల్లులా అనిపించలేదన్నాడు. మొరాకోని ఎంచుకున్నాడు. 2022 డిసెంబర్ 6న అదే స్పెయిన్‌ని మొరాకో పెనాల్టీల్లో ఓడించింది. ఆ ఆఖరి పెనాల్టీ కొట్టింది హకీమీయే. ఆ కప్పులో మొరాకో జట్టు ఇరవయ్యారు మందిలో పద్నాలుగురు మొరాకో బయట పుట్టినవాళ్ళు. ఆఫ్రికా నుంచి సెమీఫైనల్ చేరిన మొదటి జట్టు అదే. బెల్జియంని ఓడించాక గ్యాలరీలోకి పోయి తల్లి చేత ముద్దు పెట్టించుకున్న హకీమీ ఫొటో ఎందరు తల్లుల్ని ఏడిపించిందో! నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు?

అయితే అన్ని కథలూ ముద్దుతో ముగియవు. మెసుత్ ఓజిల్ జర్మనీలో పుట్టిన టర్కీ కుటుంబం పిల్లాడు. 2014లో జర్మనీకి ప్రపంచ కప్పు తెచ్చిన జట్టులో ఉన్నాడు. 2018లో టర్కీ అధ్యక్షుడితో ఫొటో దిగాడని గొడవైంది, అదే ఏడు జట్టు మొదటి దశలోనే ఓడిపోయింది. గెలిచినప్పుడు జర్మన్ననీ, ఓడినప్పుడు వలసవాణ్ణనీ అంటున్నారన్న ఆవేదనతో ఆ జూలైలో జట్టు వదిలేశాడు. ఈ మాట వినగానే మీకేం గుర్తొచ్చింది? నాకైతే, అంతా బాగున్నప్పుడు 'మా కోడలు', కూరలో ఉప్పెక్కువైతే 'వాళ్ళింటి పిల్ల' అనిపించుకునే మన ఆడపిల్లలే గుర్తొచ్చారు.

అమ్మాయిల మాటేమిటి?

మగపిల్లల గురించే చెబుతున్నానని కోప్పడకండి. నియమాలు ఆడపిల్లలకీ అవే. నాదియా నదీమ్ ఆఫ్ఘనిస్తాన్ పిల్ల. తండ్రిని తాలిబన్లు 2000లో చంపేశారు. తల్లి అయిదుగురు ఆడపిల్లల్ని వెంటేసుకుని దేశాలు దాటి డెన్మార్క్ శరణార్థి శిబిరం చేరింది. ఆ శిబిరం పక్క మైదానంలోనే నాదియా ఫుట్‌బాల్ నేర్చుకుంది. డెన్మార్క్ పౌరసత్వం వచ్చాక కూడా ఫిఫా నియమం అడ్డొచ్చింది – పద్దెనిమిదేళ్ళు నిండాక అయిదేళ్ళు అక్కడ ఉండాలట! డెన్మార్క్ సంఘం ఆమె తరపున పోరాడితే మినహాయింపు దొరికి 2009లో జాతీయ జట్టుకి ఆడింది. తర్వాత వైద్యం చదివి డాక్టరైంది కూడా.

2023 మహిళల ప్రపంచ కప్పులో ఫిలిప్పీన్స్ మొదటిసారి ఆడింది. ఇరవైముగ్గురిలో పద్దెనిమిది మంది అమెరికాలో పుట్టినవాళ్ళు! న్యూజిలాండ్ మీద ఆ దేశానికి తొలి ప్రపంచ కప్పు గోలు సంపాదించిన సరీనా బోల్డెన్ కాలిఫోర్నియాలో పుట్టిన అమ్మాయి. వలసపోయిన కుటుంబాల ఆడపిల్లలు తిరిగొచ్చి అమ్మమ్మల దేశాన్ని ప్రపంచం ముందు నిలబెట్టారు.

మన చట్టం ఏమంటుంది?

మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది. దాని కూతురికి పన్నెండేళ్ళు, స్కూల్లో ఫుట్‌బాల్ బాగా ఆడుతుంది. ఓసారి ఫోన్లో మా అమ్మ, "ఏమే, పెద్దయ్యాక ఇండియాకి ఆడతావా, అమెరికాకి ఆడతావా?" అనడిగింది. అది ఓ క్షణం ఆగి, "రెండిటికీ ఆడకూడదా అమ్మమ్మా?" అంది. అమ్మ నవ్వేసింది గానీ చెల్లెలు మాత్రం నన్ను గుచ్చి గుచ్చి అడిగింది, "నిజంగా కుదురుతుందా అక్కా?" అని.

కుదరదనే చెప్పాను. మన రాజ్యాంగం ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు. విదేశీ పౌరసత్వం పుచ్చుకుంటే మనది పోతుంది. 2005 చట్టసవరణతో విస్తృతమైన ఓసీఐ కార్డు రాకపోకలకీ, ఆస్తిపాస్తులకీ పనికొస్తుంది గానీ అది పౌరసత్వం కాదు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్ళే దేశం తరపున ఆడాలని 2008లో ప్రభుత్వం తేల్చేసింది. అంటే ఆ పిల్ల మనకి ఆడాలంటే పెద్దయ్యాక, అయిదేళ్ళు ఓసీఐగా ఉండి, అందులో ఆఖరి ఏడాది ఇక్కడే నివసించి, దరఖాస్తు పెట్టుకుని, అమెరికా పాస్‌పోర్టు వదులుకోవాలి. జెర్సీ కోసం పాస్‌పోర్టు!

అలా వదులుకున్నవాళ్ళు లేకపోలేదు. జపాన్‌లో పుట్టిన అరాతా ఇజుమీ తల్లి జపనీయురాలు, తండ్రి గుజరాతీ. 2012లో జపాన్ పౌరసత్వం వదిలేసి మన పౌరుడై, 2013లో మన జట్టుకి ఆడాడు. ఆస్ట్రేలియాలో పుట్టిన రయాన్ విలియమ్స్ తల్లి వైపు భారతీయ మూలాలతో 2025లో ఆ పాస్‌పోర్టు వదులుకుని మన పౌరసత్వం తీసుకున్నాడు.

మన తెలుగువాళ్ళకీ ఈ ఆటతో ఓ చుట్టరికం ఉంది. ఫ్రాన్స్ తరపున 2006 ప్రపంచ కప్పులో ఆడిన వికాష్ దొరసూ మారిషస్ నుంచి వెళ్ళిన తెలుగు మూలాల కుటుంబంలోవాడు. కోరంగి, విశాఖ రేవుల నుంచి చెరుకు తోటల కూలికి ఓడెక్కిన మనవాళ్ళ సంతతి. ముత్తాతల ఊరు ఫిఫా లెక్కలోకి రాదు. అయినా పేరు వినగానే మనకి ప్రాణం లేచొచ్చినట్టుంటుంది కదూ?

తల్లులూ, ఒక్క మాట

ఇదంతా చదివాక నాకు తోచిన మాట చెబుతాను. మీ పిల్లలో, మీ అక్కచెల్లెళ్ళ పిల్లలో విదేశాల్లో పెరుగుతుంటే వాళ్ళని 'ఇటా, అటా' అని నిలదీయకండి. నియమాలు తెలుసుకోండి, తెలియజెప్పండి. యువ జట్టు నుంచి పిలుపొస్తే చంకలు గుద్దుకుని సంతకం పెట్టించేముందు, రేపు ఏ తలుపు మూసుకుపోతుందో కనుక్కోండి. మునీర్‌కి ఆ పదమూడు నిమిషాల ముందు ఎవరైనా నెమ్మదిగా కూచోబెట్టి చెప్పి ఉంటే ఎంత బాగుండేది! కానీ నిర్ణయం మాత్రం పిల్లలకే వదిలెయ్యండి. మన తీరని కోరికలు వాళ్ళ వీపుల మీద నెంబర్లుగా అచ్చు వెయ్యొద్దు.

వాళ్ళు ఏ జెర్సీ తొడిగినా రెండోదాన్ని ద్రోహం చేసినట్టు కాదు. మైదానంలో రెండు జట్లకీ ఒకేసారి ఆడటం కుదరదు, అది ఆట నియమం. గుండెలో అలాంటి నియమమేదీ లేదు. పుట్టిల్లు మరిచిపోకుండానే అత్తింట్లో దీపం పెట్టినవాళ్ళం మనం. ఈ సంగతి పిల్లలకి మనకంటే బాగా ఎవరు చెప్పగలరు చెప్పండి?